వండుకుందా, వండిపెట్టిందా?

మా వరుసలో ఏ గదిలో ఏం జరిగినా అందరికీ తెలిసేది. గాజు కర్మాగారం వాళ్ళు కొలిమి కార్మికుల కోసం కట్టించిన గదులవి. ఒక్కొక్కరికి ఒక గది, ముందు ఒక వరండా, లోపల గోడకు ఆనించి పొయ్యి గట్టు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. గోడలు ఎంత పలచనివంటే, ఈ గదిలో తుమ్మితే పక్క గదిలోంచి "నూరేళ్ళు!" అని వినిపించేది. ఎవరి కూర మాడిందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు. అలాంటి చోట సీసాలక్క ఎప్పుడు తింటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

"మా అక్క గాలి తిని బతుకుతుంది. ఆవిణ్ణి పోషించడం చాలా తేలిక," అనేవాడు ఆమె తమ్ముడు, డ్యూటీ దిగి వచ్చి వరండాలో కాళ్ళు చాపుకుని.

"తేలికనే ఉంచుకున్నావు. కాస్త బరువైతే ఎప్పుడో సాగనంపేవాడివి," అని లోపలినుంచి జవాబు వచ్చేది.

"సాగనంపుదామనే చూస్తున్నా. ఎవరూ తీసుకోవడం లేదు."

"నీకు పిల్లనివ్వడానికి మాత్రం ఎవరు ముందుకొచ్చారుట?"

వరుసంతా నవ్వేది. ఆ అక్కాతమ్ముళ్ళు అలా కయ్యమాడుకుంటుంటే మాకు కాలక్షేపంగా ఉండేది.

తల్లి పోయేనాటికి ఆమె ఇంకా పరికిణీల పిల్ల. వీడు పాకుతున్నాడు. అప్పటినుంచి వాణ్ణి చంకనేసుకునే తిరిగింది. పెద్దయ్యాక పెళ్ళి చేశారు. భర్త పడవల మీద పనికి పోయి తిరిగి రాలేదు. బతికి ఉండి రాలేదో, బతికి లేక రాలేదో చెప్పేవారు లేకపోయారు. తమ్ముడికి కొలిమిలో పని దొరికి గది ఇచ్చిన రోజున ఒక మూటతో వచ్చింది. వచ్చిన పూటే పొయ్యి అలికింది.

ఆమె కూడా కర్మాగారంలోనే పని చేసింది. చల్లారిన సీసాలు బల్ల మీదికి వస్తాయి. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, మెడ మీద గోటితో తట్టి వినాలి. గట్టి సీసా చిన్న గంటలా పలుకుతుంది. లోపల పగులున్న సీసా దగ్గినట్టు పలుకుతుంది. ఆ పని చేసే ఆడవాళ్ళను రోజూ పొద్దున గేటు దగ్గర పిలుచుకునేవారు, సాయంత్రం పంపేసేవారు. వాళ్ళు కార్మికుల లెక్కలోకి రారు కనుక వాళ్ళకు గదులుండవు. ఆమెకు ఆ అలవాటు ముదిరిపోయి, కొత్త చెంబు చూసినా తట్టేది, పక్కింటి పసివాడి వీపు తట్టినా తల వంచి వినేది. "వీడు గట్టివాడే," అని తల్లికి అప్పగించేది. అందుకే సీసాలక్క అయింది. అసలు పేరు మేము అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

కొలిమి వేడి మింగీ మింగీ తమ్ముడి గొంతు ఎండిపోయింది. మొదట దగ్గు, తర్వాత బొంగురు, ఆ తర్వాత గొంతులో గడ్డ. మెతుకు దిగేది కాదు. ఆమె సీసాల పని మానేసింది. అన్నం, కూరగాయలు కలిపి మెత్తగా ఉడికించి, పలచటి గుడ్డలో వేసి పిండి, ఆ రసం చెంచాతో పోసేది. ఒక్కో చెంచాకూ వాడు కళ్ళు మూసుకునేవాడు. ఆమె తన గొంతు కదిలించేది, తను మింగితే వాడికి దిగుతుందన్నట్టు.

"నువ్వు తిన్నావా?" అని సైగ చేసేవాడు.

"ఆఁ, ఎప్పుడో!"

ఆమె తినేది గుడ్డలో మిగిలిన పిప్పి. పక్క గదిలో బట్టలు కుట్టే ఆవిడ, మేమంతా కుట్టు వదిన అంటాం, ఒకసారి నిప్పు కోసం వెళ్ళి చూసింది. గోడవైపు తిరిగి, ఆ పిప్పిలో ఉప్పు వేసుకుని తింటోందట. కుట్టు వదిన ఏమీ చూడనట్టు నిప్పు తీసుకుని వచ్చేసి, ఆ రోజునుంచి తన ఇంట్లో కూర మిగిలిందని చెప్పి గిన్నె ఇచ్చి వచ్చేది. మిగిలేది కాదు. దేవుడు ఆమె చేత అలాంటి అబద్ధాలు చాలా ఆడించాడు.

తమ్ముడు ఒక ఉదయం చెంచా నోటి దగ్గర ఉండగానే పోయాడు.

వరుసలో వాళ్ళు చేయవలసినవన్నీ చేశారు. కొళాయి దగ్గర ఆమె బిందెను ముందు పెట్టేవారు. పిల్లలు వరండా ముందు అల్లరి మానేశారు. అయితే అందరి మనసులోనూ ఒకటే బెంగ: గది ఏమవుతుంది? కార్మికుడు పోతే గది కంపెనీకి తిరిగి వెళ్ళిపోవాలి. ఆ గది తప్ప ఆమెకు భూమ్మీద తల దాచుకునే చోటు లేదు.

అర్జీల తాత ధైర్యం చెప్పాడు. ఆయన గదుల ఆఫీసు ముందు రేకుల నీడలో కూర్చుని రాయడం రానివాళ్ళకు అర్జీలు రాసిపెడతాడు. జీవితమంతా ఆ చట్టాలతోనే కాపురం చేశానంటాడు.

"భయం లేదమ్మా. చట్టంలో స్పష్టంగా ఉంది. 'మరణించిన కార్మికునితో ఒకే పొయ్యిపై వండుకొని తినుచుండిన రక్తసంబంధీకులు ఆ గదియందే నివసించుటకు అర్హులు.' నువ్వు రక్తసంబంధీకురాలివి. పొయ్యి ఒకటే. ఇంకేం కావాలి? అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

"ఉన్నదే చెబుతాను తాతా. లేనిది చెప్పడం నాకెక్కడ వచ్చు?" అంది.

విచారణ రోజున మేం కొందరం కూడా వెళ్ళాం. గోదాము పక్కన పొడుగాటి గది, ఒక బల్ల, మూలగా ఒక ఫ్యాను. గదుల అధికారి చాలా మర్యాదస్తుడు. ఆమెను చూడగానే లేచి, తనవైపు తిరిగి ఉన్న ఫ్యానును ఆమెవైపు తిప్పాడు. మంచినీళ్ళు తెప్పించాడు. "నిదానంగా చెప్పండమ్మా, తొందరేం లేదు," అన్నాడు. ఆయనకు దేవుడు మంచి మనసే ఇచ్చాడని నేను ఈనాటికీ అనుకుంటాను.

"ఇంట్లో వంట ఎవరు చేసేవారమ్మా?"

"నేనేనండి. వాడికి నేనే వండిపెట్టేదాన్ని."

పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు. అధికారి చేతిలో కలం ఆగింది. ఎదురుగా ఉన్న చట్టం పుస్తకంలో రెండు మూడు పేజీలు తిప్పాడు.

"ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి."

ఆయనకు వినిపించలేదనుకుని ఆమె గొంతు పెంచింది. "వండిపెట్టేదాన్నండీ! ఇప్పుడనే కాదు, వాడు పాకేటప్పటినుంచీ వండిపెట్టింది నేనే."

ఆ మాటలో తప్పేముందో మాకెవరికీ తెలియలేదు. ఏ ఇంట్లో ఏ ఆడమనిషినడిగినా అదే మాట చెబుతుంది. కాస్త గర్వంగానే చెబుతుంది.

అధికారి కుట్టు వదినను పిలిచాడు. ఎలాగైనా మేలు చేయాలని వచ్చిన మనిషి ఆమె. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ వచ్చింది.

"అలాంటి అక్క ఉండదండీ! వాడు తినకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు."

"ఇద్దరూ కలిసి తినేవారు కాదన్నమాట."

"అయ్యో, కలిసెక్కడండీ! వాడికి పెట్టాక, ఉంటే తిన్నట్టు, లేకపోతే లేదు. గాలి తిని బతుకుతుందని వాడే అనేవాడు."

"ఇద్దరూ తినేది ఒకటేనా?"

"ఒకటెలా అవుతుందండీ? వాడికి రసం, ఈవిడకు పిప్పి. నా కళ్ళతో చూశాను."

చెప్పి, ఎంత బాగా చెప్పానో చూశారా అన్నట్టు మావైపు చూసింది. గుమాస్తా అన్నీ రాసుకున్నాడు.

అర్జీల తాతకు మాత్రం విషయం అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"అయ్యా, తమరు ఎక్కడ పట్టుకున్నారో తెలిసింది. 'వండుకొని' అని ఉంది, ఈవిడ 'వండిపెట్టాను' అంది. అంతేగా? మా ఆవిడ నాకు వండిపెడుతుంది. నేను జన్మలో వండుకోలేదు. మరి మాది ఒక సంసారం కాదా?"

"భార్యకు వేరే సెక్షన్ ఉంది తాతగారూ. అక్కడ వంట ప్రసక్తి లేదు. మీ సంసారానికి ఢోకా లేదు," అని అధికారి చిరునవ్వు నవ్వి, పుస్తకం ఆయనవైపు తిప్పాడు. "ఇది చూడండి. 'కార్మికునకు వండిపెట్టువారు, ఊడ్చువారు మొదలగు సహాయకులు వరండాయందు మాత్రమే శయనించవలెను. కార్మికుని సేవ ముగిసిన వెంటనే ఖాళీ చేయవలెను.' ఒకే చట్టం. ఒక చోట 'వండుకొని' అన్నారు, ఇంకో చోట 'వండిపెట్టు' అన్నారు. రెండు మాటలు వాడారంటే రెండు అర్థాలు ఉన్నట్టే. కాదంటే రాసినవాళ్ళకు మాటలు రావనుకోవాలి."

"రావేమో!"

మేం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

"అలా అనుకునే అధికారం నాకు లేదు తాతగారూ."

"అసలు ఆ ముక్క ఎందుకు పెట్టారు? ఎవరెవరో వేలు విడిచిన చుట్టరికాలు చెప్పి, తలా ఒక పొయ్యి పెట్టుకుని గదుల్లో చొరబడుతున్నారని. వాళ్ళను ఆపడానికి! ఈవిడను ఆపడానికా? 'వండుకొని' అంటే ఒక వంటతో బతికేవాళ్ళు అని. ఎవరు గరిటె పట్టారని కాదు."

"అయ్యుండవచ్చు. వాళ్ళ మనసులో ఏముందో నేను చూడలేను. కాగితం మీద ఏముందో అదే చూడగలను. కాగితం మీద తన కోసం వండుకున్నవాళ్ళకు ఒక దారి, మరొకరికి వండిపెట్టినవాళ్ళకు ఒక దారి ఉంది."

అధికారి కలం మూసి, మళ్ళీ తెరిచాడు. ఆయనకు ఆమెను పంపేయాలని లేదు. అది ఆయన ముఖంలోనే తెలుస్తోంది. ఒక తలుపు తెరిచి పెట్టాలనుకున్నాడు.

"అమ్మా, ఒక్క ప్రశ్న అడుగుతాను. బాగా ఆలోచించుకుని చెప్పండి. మీ తమ్ముడితో పాటు, ఆ పొయ్యి మీద మీ కోసం కూడా వండుకునేవారు కదూ?"

'అవును' అంటే చాలు. తాత కళ్ళతో చెబుతున్నాడు, గడ్డంతో చెబుతున్నాడు. నోరు తెరవబోతే అధికారి చేయెత్తి ఆపాడు. "మీరు చెప్పకండి. ఆవిడ నోటితోనే రావాలి."

సీసాలక్క ముఖం మారిపోయింది.

మా గదుల్లో ఒక ఆడమనిషి మీద వేయగలిగిన నిందల్లో అంతకంటే పెద్దది లేదు. మంచాన ఉన్నవాడికి నీళ్ళగంజి పోసి, వెనక తన కోసం కమ్మగా వండుకు తిందట అంటారు. ఒకావిడను గురించి అలా అనుకుంటే, ఆమె కొళాయి దగ్గరకు రావడమే మానేసింది. సీసాలక్కకు ఆ ప్రశ్నలో చట్టం వినిపించలేదు. ఆ నింద ఒక్కటే వినిపించింది. అంతమంది ముందు, తమ్ముడు పోయిన దుఃఖం ఇంకా ఆరకముందే.

లేచి నిలబడింది.

"ఎవరన్నారు బాబూ ఆ మాట?" అని కుట్టు వదినవైపు తిరిగింది. "నువ్వు చెప్పావా?"

"నేనెందుకంటానక్కా! నేనలా అనలేదు!" అని ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

"మరెవరు? ఎవరైనా సరే, నా ముందుకొచ్చి చెప్పమనండి. వాడు మంచం పట్టాక ఆ పొయ్యి మీద నా కోసమని ఒక్క గింజ వండుకుని ఉంటే నా నోరు పడిపోవాలి. వాడి మీద ఒట్టు. పైన ఉన్న ఆ తండ్రి చూశాడు. వాడికి తప్ప నేను ఎవరికీ వండలేదు. నాకోసం ఎప్పుడూ వండుకోలేదు!"

"కూర్చోండమ్మా, కూర్చోండి."

"కూర్చోను. ముందు రాయమనండి ఆయన్ని."

గుమాస్తా కలం పట్టుకుని అధికారి ముఖంలోకి చూశాడు. "రాయమంటారా సార్?"

ఆయన కొంతసేపు బల్లనే చూశాడు. "ఆవిడ చెప్పింది కదా. రాయండి," అన్నాడు.

రాయడం అయిందాకా ఆమె నిలబడే ఉంది. చివరి అక్షరం పడ్డాక కూర్చుని, నీళ్ళు తాగింది.

తీర్పు అప్పటికప్పుడే చదివారు. పుస్తకాల భాష. 'పై వాంగ్మూలమును బట్టి అర్జీదారు వండుకొను వ్యక్తి కాక వండిపెట్టు వ్యక్తి యని నిర్ధారణ యగుచున్నది' అని మొదలై, నెలాఖరు లోపల గది ఖాళీ చేయాలన్నదానితో ముగిసింది. చదువుతున్నంతసేపూ ఆమె శ్రద్ధగా తలూపింది. అర్థం కాలేదు. తాతవైపు వంగి అడిగింది.

"ఏమన్నారు తాతా? నా మాట నమ్మారా?"

తాత గొంతు సవరించుకున్నాడు. "నమ్మారమ్మా. అక్షరం పొల్లుపోకుండా నమ్మారు."

ఆమె ముఖం విప్పారింది. అధికారికి రెండు చేతులూ జోడించింది. "చల్లగా ఉండు బాబూ. నా పరువు నిలబెట్టావు."

ఆయన లేచి ప్రతినమస్కారం చేశాడు. ఫ్యాను ఇంకా ఆమెవైపే తిరుగుతోంది.

దారిలో ఆమెకు ఎవరూ చెప్పలేకపోయారు. తీర్పు విన్న ధైర్యంతో చకచకా నడుస్తూ, నింద వేసినవాళ్ళెవరో కనుక్కుని తీరుతానంది. గది తలుపు దగ్గర కుట్టు వదినే చెప్పింది, ఏడుస్తూ, మాటల్ని మింగుతూ. వినేసరికి సీసాలక్క వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

"వండిపెట్టానన్నందుకా?" అంది.

"అవునక్కా."

"వండిపెట్టకపోతే వాడెలా బతికేవాడే?"



మర్నాడు తాత మళ్ళీ వచ్చాడు. పై అధికారికి అప్పీలు రాస్తానన్నాడు. "అన్నీ నేను చూసుకుంటాను. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. నా కోసమూ వండుకున్నాను, ఆ రోజు కంగారులో లేదన్నాను అని. అబద్ధం కూడా కాదు. ఆ పిప్పి తిన్నావుగా. అది వండుకున్నట్టే."

ఈసారి ఆమెకు అన్నీ అర్థమయ్యాయి. పొయ్యి గట్టు మీద చేయి వేసి కూర్చుని వింది.

"వాడి మీద ఒట్టు వేసి చెప్పాను తాతా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆ ఒట్టు ఎక్కడికి పోతుంది? గది కోసం చచ్చినవాడి దగ్గర దొంగనవ్వాలా?"

"బతికున్నదానివి నువ్వు కదమ్మా!"

"అయితే?"

తాత ఇంకా చాలా చెప్పాడు. ఆఖరున కోపం వచ్చి, "నీకంటే ఆ గుమాస్తాగాడే నయం, రాయమంటారా అని ఒకసారైనా అడిగాడు," అని విసురుగా లేచాడు. నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి, తన జేబులోని పొట్లం ఏదో పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. బెల్లం ముక్క.

నెలాఖరుకు గది కొత్త కొలిమి కార్మికుడికి ఇచ్చారు. పెళ్ళి కానివాడు, ఒంటరివాడు. వంట రాదు. గదుల అధికారి స్వయంగా అతనితో మాట్లాడాడట. "ఆ గదిలో ఒక పెద్దావిడ ఉంది. బాగా వండిపెడుతుంది. ఉంచుకో, చట్టప్రకారం వరండాలో ఉండవచ్చు." అలా చేసినందుకు వరుసంతా ఆయన్ని మెచ్చుకుంది. రోడ్డున పడకుండా కాపాడాడు మహానుభావుడు అన్నారు. నేనూ అన్నాను.

కొత్తవాడు రాక ముందే సీసాలక్క తన మూట వరండాలోకి తెచ్చుకుంది. లోపల ఏది ఎక్కడుండేదో అన్నీ అక్కడే ఉన్నాయి. పొయ్యి అదే. పొద్దున లోపలికి వెళ్ళి వండుతుంది, పెడుతుంది, గిన్నెలు కడిగి బయటికి వస్తుంది. తమ్ముడు పడుకున్న చోట ఇప్పుడు అతని మంచం ఉంది. అతను చెడ్డవాడు కాదు. మొదటి రోజే పెద్దమ్మా అని పిలిచాడు.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం జల్లు వరండాలోకి సగం దాకా కొడుతోంది. ఆమె చాప చుట్టి గోడకు అతుక్కుని కూర్చుంది. అతను గుమ్మంలోకి వచ్చాడు.

"లోపలికి రా పెద్దమ్మా. ఒక మూల పడుకో. నాకేం అడ్డం?"

"వద్దు బాబూ."

"తడిసి ముద్దవుతావు. జ్వరం తెచ్చుకుంటే నాకెవరు వండుతారు చెప్పు?"

"వండటానికి లోపలికి రావచ్చు. పడుకోవడానికి రాకూడదు. పొద్దున్నే ఎవరో చూసి చెబుతారు, సహాయకురాలిని లోపల పెట్టుకున్నావని. నీ గది పోతుంది. మాటలతో జాగ్రత్తగా ఉండాలి నాయనా. నా గురించి ఎవరైనా అడిగితే నీ మనిషినని అనకు. వండిపెట్టేదని చెప్పు."

"అదేం మాట? మనుషులం కాదా మనం?"

"అలా అని కాగితంలో లేదు."

అతను ఇంకా బతిమాలుతుండగానే గదుల అధికారి గొడుగు వేసుకుని వరుస వెంట వచ్చాడు. కప్పులు ఎక్కడెక్కడ కారుతున్నాయో చూడడానికి వానలోనే బయలుదేరాడు. వేరే ఎవరైనా అయితే ఎండ వచ్చాక వచ్చేవారు. వరండా ముందు ఆగాడు.

ఆమె చప్పున లేచింది. తడిసిన చాపను రెండు చేతులతో పరిచి, గడపకూ చాపకూ మధ్య ఉన్న ఖాళీ కనిపించేలా పక్కకు జరిగింది.

"చూసుకోండి బాబూ, గడపకు ఇవతలే ఉన్నాను. ఈ అబ్బాయి తప్పేమీ లేదు. రాసుకోండి."

ఆయన చూశాడు. గొడుగు ముడిచి, ఆమె చాప పక్కన గోడకు ఆనించి, తల తడుపుకుంటూ వెళ్ళిపోయాడు.